ఫోనులో అమ్మ, పక్కన అమ్మమ్మ

కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళు దశాబ్దాలుగా ఉన్నారు. రెండేళ్ళ పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉండిపోతాడు. మొదట్లో గుక్కపెట్టి ఏడుస్తాడు, గుమ్మం వదలడు. తర్వాత మూల కూర్చుని బొటనవేలు చీకుతాడు. ఇంకొన్నాళ్ళకి తింటాడు, ఆడుకుంటాడు, అమ్మ ఊసే ఎత్తడు. "అలవాటు పడిపోయాడులే" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

సరిగ్గా అక్కడే పొరపాటు పడతాం. 1950ల్లో బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ తల్లికి దూరమై ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల్ని గమనించి ఈ మూడు దశల్నే వర్ణించారు. ఎదురుతిరగడం, కుంగిపోవడం, ముడి తెంపుకోవడం. మూడోది సర్దుకోవడం కాదు. ఎదురుచూస్తే నొప్పి కాబట్టి పసిమనసు ఎదురుచూడడం మానేస్తుంది. 1960ల్లో రాబర్ట్‌సన్ దంపతులు, తల్లి ప్రసవానికి వెళ్ళిన పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని చూశారు. ఒకే మనిషి కనిపెట్టుకుని ఉండి, ఇంటి అలవాట్లు తప్పకుండా, అమ్మ గురించి మాట్లాడుతూ ఉంటే పిల్లలు బెంగపడ్డారు గానీ అంతగా కుంగిపోలేదు. అవి కొద్ది రోజుల ఎడబాట్లు. మన ఇళ్ళల్లో అవి ఏళ్ళు, కాబట్టి ఆ పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

అంటే బిడ్డ చేతులు మారకూడదు. ఓ నెల అమ్మమ్మ, ఓ నెల పెద్దమ్మ అని తిప్పితే ప్రతిసారీ అదే గాయం. పడుకునే చోటు, అన్నం పెట్టే కంచం మార్చొద్దు. ఏడాది దాటిన పిల్లలకి అమ్మ కట్టిన పాత చీర ముక్క పక్కలో ఉంచవచ్చు. ఏడాదిలోపు వాళ్ళకి మాత్రం వద్దు, ముఖం మీద పడితే ఊపిరాడదు.

"అమ్మ సంతకెళ్ళింది, వచ్చేస్తుంది" అని చెప్పకండి. రేపు అమ్మమ్మ సంచి పట్టుకుని నిజంగా సంతకి బయల్దేరితే పిల్లాడు ప్రాణం పోయేట్టు ఏడుస్తాడు. "అమ్మ దూరంగా పని చేస్తోంది, నేను నీ దగ్గరే ఉంటా" అంటే చాలు. "ఏడిస్తే అమ్మ రాదు" అనే మాట ఇంకా చెడ్డది, అమ్మ వెళ్ళింది నా వల్లే అని వాడు నమ్ముతాడు. నాలుగైదేళ్ళ వాళ్ళకి "రెండేళ్ళు" అర్థం కాదు, "రెండు ప్రభల తీర్థాలు అయ్యాక" అంటే, ఏటా సంక్రాంతికి వచ్చే జాతర కాబట్టి, అర్థమవుతుంది. అదీ రాక ఖాయమైతేనే చెప్పండి.

ఇక ఫోను. కువైట్ మనకి రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఏడంటే అక్కడ నాలుగున్నర, పనిలో ఉండే వేళ. అమ్మకి వీలయ్యే ఒక సమయం కుదుర్చుకోండి, కానీ పిల్లాడికి ముందుగా చెప్పకండి. ఆ రోజు కాల్ రాకపోతే వాడికి మళ్ళీ ఎడబాటే. ఫోను చేత్తో పట్టుకుంటే కదులుతుంది. పీట మీద గోడకి ఆనించి, వాడి కళ్ళ ఎత్తులో నిలబెట్టండి. రెండేళ్ళ వాడికి ఐదు, పది నిమిషాలు చాలు.

"నన్ను గుర్తుపట్టావా? ముద్దు పెట్టు" అని అడిగితే పిల్లాడు జారుకుంటాడు. వాడు కొబ్బరాకు బూర చూపిస్తే "అబ్బో, బూర! ఊదు నాన్నా" అని ఆగాలి. తను చేసినదానికి వెంటనే ఎదుటి మనిషి నుంచి జవాబు రావడం మీదే పసివాళ్ళ మాట, నమ్మకం ఎదుగుతాయి. సిగ్నల్ ఆలస్యం ఆ తాడు తెంపుతుంది, అందుకే ప్రతి మాట తర్వాత మూడు లెక్కపెట్టి ఆగండి. స్పర్శ అమ్మమ్మ ఇవ్వాలి. అమ్మ ఫోనులో "ఉఫ్" అంటే, అమ్మమ్మ అదే క్షణంలో పొట్ట మీద ఊదాలి. బొమ్మల వీడియోలు ఈ పని చేయలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్ళలోపు పిల్లలకి అలాంటివి వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదంది.

ఇదంతా నిలబడేది అమ్మమ్మ మీద. ఆమె దిగులు దిగులులా కనిపించదు. "గుండె దడ", "ఒళ్ళంతా మంటలు", "తల దిమ్ము" అంటుంది. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళ చేసినా తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. రోజుకో గంట ఆమె నడుం వాల్చాలి. ఆ గంట మరో పెద్దవాళ్ళకి "నువ్వే చూడాలి" అని పేరుపెట్టి చెప్పి, గేటు గడియ వేయాలి. కాలవ గట్టు మీది ఇళ్ళల్లో ఇది మరీ ముఖ్యం. నీళ్ళలో పడ్డ పసివాడు కేక వేయడు.

అమ్మ తిరిగొచ్చిన రోజు పిల్లాడు అమ్మమ్మ కొంగు చాటున దాక్కుంటాడు. లాక్కోవద్దు. అమ్మ నేల మీద కూర్చుని, వాడు వచ్చేదాకా ఆగాలి. మొదటి రోజుల్లో అన్నం, స్నానం ఇద్దరూ కలిసి చూడాలి, పక్క మాత్రం అమ్మమ్మ దగ్గరే. "మీ అమ్మ వచ్చేసిందిగా" అని అమ్మమ్మ ఆ వారమే చిన్నకూతురి ఇంటికి బయల్దేరకూడదు. రెండో అమ్మ కూడా వెళ్ళిపోయిందనుకుంటాడు.