వివాదాస్పద రచయితకు మైకు ఇస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎంవీపీ కాలనీలో మా ఇంటి వెనుక గదే, రచయితలతో సంభాషణలు రికార్డు చేసే నా స్టూడియో. గోడలకు పాత బొంతలు, బల్ల మీద రెండు మైకులు. రికార్డింగు మొదలైతే ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో విశాఖ ఉక్క ఎరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు. కథా రచయితలను పిలిచిన రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. రాజకీయ భావజాలం మీద దుమారం రేపిన పుస్తకం రాసిన ఒకాయన్ను పిలిచేసరికి మాత్రం సలహాలు వరుస కట్టాయి. ఈ అపోహలన్నీ వాటిలోవే.

అపోహ: మైకు ఇచ్చామంటే ఆ వాదాన్ని ఒప్పుకున్నట్టే.
వాస్తవం: 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సన్మానం ఈ ఊళ్లోనే జరిగింది. ‘రచయితలారా, మీరెటువైపు?’ అంటూ విద్యార్థులు కరపత్రం పంచిందీ అప్పుడే. సన్మానాన్నీ నిలదీతనూ ఒకేసారి చూసిన ఊరికి ఈ భయమెందుకో నాకు అర్థం కాదు. పిలిచినందుకు నేను జవాబు చెప్పనక్కర్లేదు. అడగాల్సింది అడగకుండా వదిలేస్తే మాత్రం చెప్పాలి.

అపోహ: వెనక అట్ట, రెండు సమీక్షలు చదివితే గంటసేపు మాట్లాడించవచ్చు.
వాస్తవం: గంట గడిచిపోతుంది, కాదనను. కాకపోతే ఆ గంట పూర్తిగా రచయితదే. మా అతిథి వాదన ఏమిటంటే, ఫాసిజం మూలాలు వామపక్షంలోనే ఉన్నాయని. తర్వాత ఇటలీకి ఫాసిస్టు నియంత అయిన ముస్సోలినీ 1912 నుంచి 1914 దాకా ఇటలీ సోషలిస్టు పార్టీ పత్రిక ‘అవంతి’కి సంపాదకుడని ఆధారం చూపారు. అది నిజమే. సమీక్షతో సరిపెట్టుకున్నవాడు ఇక్కడ తలూపి ఊరుకుంటాడు. నా ప్రతిలో ఆ పేజీ దగ్గర బస్సు టికెట్టు పెట్టుకున్నాను, అంచున పెన్సిలుతో రెండు ప్రశ్నలు. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగాలన్నందుకు ఆ పార్టీ 1914లోనే ఆయన్ను వెళ్లగొట్టిన సంగతి మీ అధ్యాయంలో ఎందుకు లేదు? 1922లో గద్దెనెక్కి, 1926లో సమ్మెలను నిషేధించి, కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీని జైల్లో పెట్టిన ప్రభుత్వం ఎటువైపుది?

ఆయన తడబడలేదు. ఆర్థిక వ్యవస్థ మీద రాజ్యం పెత్తనం సంగతి తీశారు. కుడి, ఎడమ అన్న మాటలు 1789లో ఫ్రెంచి జాతీయ సభలో ఎవరెటు కూర్చున్నారన్న దాన్ని బట్టి పుట్టినవి కదా, నూట ముప్ఫై ఏళ్ల తర్వాతి ఇటలీని ఆ కుర్చీల్లోనే కూర్చోబెట్టాలా అని నన్నే ఎదురడిగారు. నేను ఒప్పుకోలేదు గానీ, ప్రశ్న బాగుంది. అసలు సంభాషణ అక్కడ మొదలైంది.

అపోహ: ఎదుటి పక్షం మనిషిని కూడా పక్కన కూర్చోబెడితే సమతూకం.
వాస్తవం: ఒకసారి ప్రయత్నించాను. కోడిపందెం అయింది. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

అపోహ: నిషేధించిన పుస్తకం పేరెత్తితే చాలు, కేసే.
వాస్తవం: వివాదం రేగిన ప్రతి పుస్తకమూ నిషిద్ధం కాదు. ప్రతులను జప్తు చేస్తూ ఉత్తర్వు ఇచ్చేది సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం. అందుకు వీలిచ్చినది ఒకప్పుడు నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీ 95వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 98వ సెక్షన్. కారణాలు ఉత్తర్వులోనే రాయాలి. రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లి సవాలు చేయవచ్చు. ఆ జప్తు ప్రతులకే పరిమితం, పుస్తకం గురించి మాట్లాడటానికి వర్తించదు. అలాగని నోటికి వచ్చిందల్లా అనవచ్చనీ కాదు. వర్గాల మధ్య ద్వేషం రగిలించే మాటలకు కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 196వ సెక్షన్ ఉంది. అన్నది అతిథే అయినా, ఊరంతా వినిపించింది నేను.

అపోహ: ఎడిటింగ్ అంటేనే మోసం.
వాస్తవం: దగ్గులు, మంచినీళ్ల గ్లాసు చప్పుడు, రెండుసార్లు వచ్చిన మాట తీసేస్తాం. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మరో ప్రశ్న కింద అతికించం. ఆ రోజు గ్రాంసీ ప్రశ్నకు ఆయన ఘాటుగా జవాబిస్తుండగా నౌకాదళ విమానం ఒకటి ఇంటి మీదుగా వెళ్లింది. సగం మాటలు ఆ హోరులో కలిసిపోయాయి. మళ్లీ చెప్పమన్నాను. రెండోసారి జవాబు మెత్తబడింది, రెండు ‘బహుశా’లు వచ్చి చేరాయి. ఎడిటింగ్ చేసే కుర్రాడు శుభ్రంగా ఉన్న రెండోదే ఉంచుదామన్నాడు. విమానం హోరుతో మొదటిది వేసి, దాని వెంటే రెండోదీ వేశాం.