ట్రిగ్గర్ నొక్కింది నేను కాదుగా! తుపాకీ యజమానుల బాధ్యతపై అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర తుపాకీ భద్రత నేర్పడం నా పని. టెక్సస్‌లో క్యారీ లైసెన్స్ (హ్యాండ్‌గన్, అంటే చేతి తుపాకీ, వెంట పెట్టుకుని తిరిగే లైసెన్స్) కావాలంటే మా క్లాసులో నాలుగు నుంచి ఆరు గంటలు కూర్చుని, రాతపరీక్ష పాసై, షూటింగ్ రేంజ్‌లో 50 తూటాలు కాల్చి 250 పాయింట్లకు కనీసం 175 తెచ్చుకోవాలి. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు ఆ లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. అయినా నేర్చుకుందామని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. 2023 మేలో డాలస్ దగ్గరి అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో తెలంగాణ అమ్మాయి ఒకరు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు నా క్లాసుల్లో తెలుగు బాగా వినపడింది. భయంతో వచ్చినవాళ్లే ఎక్కువ.

ప్రతి క్లాసులోనూ టీ బ్రేక్‌లో ఒకే వాదన మొదలవుతుంది. ఎక్కడో కాల్పులు జరుగుతాయి, దానికి చట్టం పాటించే మనమెందుకు సంజాయిషీ ఇవ్వాలి అని ఒకరంటారు. ఇంకొకరు ఒప్పుకోరు. టీ చల్లారిపోతుంది. అక్కడ నేను తరచూ వినే మాటలే ఇవి.

అపోహ: తుపాకీ దానంతటది పేలదు. కాల్చినవాడిదే తప్పు, అక్కడితో సరి.

మొదటి మాట నిజమే. రెండోదే సగం నిజం. అమెరికాలో నేరాల్లో దొరికే తుపాకుల్లో దాదాపు అన్నీ మొదట ఏదో ఒక షాపులో పద్ధతి ప్రకారం అమ్ముడైనవే. అక్కడి నుంచి నేరస్తుడి చేతికి చేరేదాకా మధ్యలో ఒక దారి ఉంటుంది. ఆ దారిలో ఎక్కడో ఒకచోట మనలాంటి యజమాని ఉంటాడు.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ సంగతే చూడండి. 2021 నవంబరు 30న పదిహేనేళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థుల్ని చంపాడు. దానికి నాలుగు రోజుల ముందే, బ్లాక్ ఫ్రైడే నాడు, తండ్రి ఆ పిస్టల్ కొన్నాడు. కాల్పుల రోజు ఉదయమే ఆ అబ్బాయి గీసిన బొమ్మలు చూసి స్కూలువాళ్లు తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్లు వచ్చారు, మాట్లాడారు, పిల్లాణ్ణి అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఇంట్లో కొత్త తుపాకీ ఉందన్న ముక్క ఎత్తనే లేదు. 2024లో తల్లి జెన్నిఫర్, తండ్రి జేమ్స్ క్రంబ్లీ ఇద్దరికీ వేర్వేరు విచారణల్లో, చంపాలన్న ఉద్దేశం లేని నరహత్య నేరం రుజువై, పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు శిక్ష పడింది. స్కూల్లో కొడుకు జరిపిన కాల్పులకు తల్లిదండ్రుల మీద ఇలాంటి నేరం రుజువవడం అమెరికాలో అదే మొదటిసారి.

అది అరుదైన కేసు కదా అంటారు. శిక్ష పడటం అరుదే, తుపాకీ ఇంట్లోంచి వెళ్లడం మాత్రం కాదు. స్కూళ్లలో జరిగిన దాడుల మీద, అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. తుపాకీ వాడిన పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి అది అమ్మానాన్నల ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికింది.

తుపాకీ ఉన్న ప్రతివాణ్ణీ దోషిలా చూస్తే నాకూ కోపం వస్తుంది. నా దగ్గరా తుపాకులున్నాయి. ఊళ్లో జరిగిన ప్రతి ఘోరానికీ నేను తలదించుకోను. కానీ నా పేరు మీద ఉన్న తుపాకీ ఈ నిమిషంలో ఎక్కడుంది, ఎవరి చేతికి అందుతుంది అన్నదానికి మాత్రం నేను జవాబు చెప్పి తీరాలి. రేంజ్‌లో కాల్చేది నెలకు ఒక గంట. మిగతా కాలమంతా అది ఇంట్లోనే పడి ఉంటుంది. బాధ్యత అంటే ఆ మిగతా కాలం సంగతే.

అపోహ: తుపాకీ చావులంటే గ్యాంగులు, దొంగలు. మన ఇళ్లకు సంబంధం లేదు.

ఈ ఒక్కటి చెప్పడానికి క్లాసులో అరగంట తీసుకుంటాను. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు 46 వేల పైచిలుకు. అందులో 27 వేల మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. హత్యలు 18 వేల లోపే. బయటి దొంగ కోసం కొన్న తుపాకీ, దిగులుతో కుంగిపోయిన ఇంట్లో మనిషికే ప్రాణాంతకం అవుతోంది. చావాలన్న ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్ది సేపు ఉండి తగ్గుతుంది. ఆ సేపట్లో తుపాకీ చేతికి అందితే మాత్రం రెండో అవకాశం దాదాపు ఉండదు.

దీన్ని ముందుగా గట్టిగా పట్టించుకున్నది తుపాకీలు అమ్మే మనిషే. న్యూ హ్యాంప్‌షైర్‌లో 2009లో ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు వారం తిరక్కుండా ఒకే షాపులో తుపాకీలు కొని, కొన్న కొన్ని గంటలకే ప్రాణాలు తీసుకున్నారు. ఆ షాపు యజమాని రాల్ఫ్ డెమికో. చట్టప్రకారం ఆయన తప్పేమీ లేదు. నా పని అమ్మడమే అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ప్రజారోగ్య నిపుణులతో, మిగతా షాపులవాళ్లతో కూర్చున్నాడు. కొనడానికి వచ్చిన మనిషి మానసికంగా ఇబ్బందిలో ఉన్నట్టు ఎలా పసిగట్టాలి, అమ్మనని ఎలా చెప్పాలి, షాపులో ఎలాంటి కరపత్రాలు పెట్టాలి, ఇవన్నీ కలిసి తయారుచేశారు. తర్వాత ఆ పద్ధతి వేరే రాష్ట్రాలకూ పాకింది. ప్రభుత్వం బలవంతం చేస్తే వచ్చింది కాదిది. బాధ్యత మీద టీ బ్రేక్‌లో జరిగే వాదనలన్నిటికీ నేను ఈయన్నే చూపిస్తాను.

స్నేహితుడికి ఉద్యోగం పోయింది, విడాకులయ్యాయి, నిద్రపోవడం లేదు. అలాంటప్పుడు 'నీ తుపాకీ కొన్నాళ్లు నా సేఫ్‌లో ఉంచుతాను, తమ్ముడూ' అనడానికి మొహమాటపడకండి. కర్నూలు జిల్లాలో మా పెదనాన్నకు లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. దాన్ని ఎవరూ పరువుతక్కువ అనుకోలేదు. పైగా ఆ నెలరోజులే మా పెద్దమ్మకు కంటినిండా నిద్ర పట్టేదట. పరిస్థితి చేయిదాటుతోంది అనిపిస్తే, అమెరికాలో ఎక్కడినుంచైనా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

అపోహ: మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేస్తే తుపాకీ ఖాళీ.

కాదు. చాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట, ఒక తూటా ఉండిపోవచ్చు. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా ఆ ఒక్కటి పేలుస్తాయి. శుభ్రం చేసేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఇది తరచూ కనిపించేదే. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) వెనక్కి లాగాలి, చాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. మీరు శుభ్రం చేసే గదిలో తూటాలే ఉండకూడదు.

అపోహ: ఎక్కడ పెట్టామో మా పిల్లలకు తెలియదు.

తెలుసు. సంక్రాంతికి దాచిన అరిసెల డబ్బా ఎక్కడుందో మీకు చిన్నప్పుడు తెలియదా? మూడేళ్ల పిల్లాడు కూడా కొన్ని పిస్టళ్ల ట్రిగ్గర్ లాగగలడు. టెక్సస్ చట్టం ప్రకారం, మన నిర్లక్ష్యం వల్ల లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందితే, అదే నేరం. ఆ పిల్లవాడు దాన్ని పేల్చి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఇక్కడ వెంటనే వచ్చే మాట: 'తాళం వేసి పెడితే దొంగ వచ్చినప్పుడు ఏం చేయాలి సార్?' న్యాయమైన ప్రశ్నే. వేలిముద్రతోనో, నాలుగు బటన్లతోనో రెండు మూడు సెకన్లలో తెరుచుకునే చిన్న సేఫ్‌లు మంచం పక్కనే బిగించుకోవచ్చు. చీకట్లో తెరవడం పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొంటే తాళం కూడా ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం ఉంది. ఆ తాళం కవరు కూడా విప్పకుండా గ్యారేజ్‌లో పారేసినవాళ్లను ఎంతమందిని చూశానో!

అపోహ: కారు గ్లవ్ బాక్స్‌లో ఉంటే భద్రమే.

దొంగకు అద్దం పగలగొట్టడానికి ఎంతసేపు పడుతుంది? కారు సేఫ్ కాదు. ఇంకేం చెప్పను. సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి, పోయిన రోజే పోలీసులకు చెప్పండి.

అపోహ: హెచ్1బీ మీద ఉన్న ఫ్రెండ్ కోసం నా పేరు మీద కొనిస్తే తప్పేంటి?

చాలా పెద్ద తప్పు. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా సాధారణంగా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే ఒక మినహాయింపు ఉంది. స్టూడెంట్లు కొందరు ఆ దారినే కొంటున్నారు. హంటింగ్ లైసెన్స్ వచ్చినంత మాత్రాన తుపాకీ పట్టుకోవడం వచ్చినట్టు కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. కానీ షాపులో నింపే 4473 ఫారంలో, కొంటున్నది నిజంగా మీకోసమేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి, కొనకూడని మనిషికి కొనిస్తే 2022 చట్టం కింద 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. గ్రీన్ కార్డు కూడా ప్రమాదంలో పడుతుంది. స్నేహం కోసం అంత దూరం వెళ్లకండి.

అపోహ: పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగితే ఏమనుకుంటారో?

కుక్క కరుస్తుందా, స్విమ్మింగ్ పూల్‌కి గేటు ఉందా, వేరుశనగ ఎలర్జీ ఉంది జాగ్రత్త, ఇవన్నీ మొహమాటం లేకుండా అడుగుతాం, చెబుతాం. ఇదీ అలాగే. నేనైతే ముందు నా సంగతే చెబుతాను: 'మా ఇంట్లో ఉంది వదినా, సేఫ్‌లో తాళం వేసి ఉంటుంది. మీ ఇంట్లో ఉందా?' పోయినేడాది ఒక పాట్‌లక్ దగ్గర ఇలాగే అడిగితే ఆవిడ నవ్వి, 'మా ఆయన అల్మరాలో చీరల కింద పెట్టాడన్నయ్యా' అంది. పక్క గదిలో ఎనిమిది మంది పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. గబగబా మేడ మీదకు వెళ్లింది.