నాలుగు కోట్ల అంకెల సంఖ్య ప్రధానమని తేల్చేదెలా?

అమలాపురం

పిల్లలూ, ఆశీస్సులు.

దింపు తీశాక 31 కొబ్బరికాయలు పోగుపడ్డాయనుకోండి. వాటిని సమానమైన వరసల్లో పేర్చి చూడండి. ఒకే బారుగా తప్ప కుదరదు. 31 ప్రధాన సంఖ్య మరి.

2ని అయిదుసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది కూడా ఆ 31యే. ఇలా 2ᵖ − 1 రూపంలో ఉండే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనుక్కున్నదీ ఈ కోవదే. అందులో p విలువ 13,62,79,841, సంఖ్యలో అంకెలు 4,10,24,320. దాని చివరి అంకె మీరే చెప్పొచ్చు. 2 ఘాతాల చివర 2, 4, 8, 6 తిరుగుతూ వస్తాయి. pని 4తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి ఘాతం 2తో ముగుస్తుంది. ఒకటి తీసేస్తే 1.

p ప్రధానమైతే చాలు, 2ᵖ − 1 కూడా ప్రధానమే అనుకుంటారు చాలామంది. 11 దగ్గరే అది దెబ్బతింటుంది: 2047 = 23 × 89. ఈ రెండింటినీ 22తో భాగించండి, 1 మిగులుతుంది. p బేసి ప్రధానమైతే 2ᵖ − 1 కారణాంకాలన్నీ 2p గుణిజానికి ఒకటి కలిపినవే. 2³¹ − 1, అంటే 2,14,74,83,647, ప్రధానమని 1772లో ఆయిలర్ తేల్చడానికి ఈ గుణమే ఆసరా. కారణాంకం కోసం దాని వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా వెతికితే చాలు; ఆ సంఖ్యల్లో అత్యధికం పరీక్షించకుండానే ఎగిరిపోతాయి.

నాలుగు కోట్ల అంకెలకి ఆ దారీ చాలదు. అక్కడ అసలు భాగించి వెతకరు. ల్యూకా మొదలుపెట్టి, లెహ్మర్ మెరుగుపెట్టిన పరీక్ష ఉంది, నాకు ఎంతో అందంగా కనిపిస్తుంది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, 2ᵖ − 1తో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా p − 2 సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31కి మూడుసార్లు: 14, తర్వాత 194, శేషం 8, తర్వాత 62, శేషం 0. అదే 2047కి తొమ్మిదోసారి 1736 మిగులుతుంది. ప్రధానం కాదని తెలిసింది గానీ, 23, 89 మాత్రం బయటపడలేదు చూశారా!

శేషానికీ భాగహారం అక్కర్లేదు. 194లో 32లు ఆరు, మిగిలింది 2; కలిపితే 8. 32ని 31తో భాగిస్తే ఒకటే మిగులుతుంది కదా, అందుకని. కంప్యూటరు కూడా 0, 1లతో రాసుకున్న సంఖ్యని కుడి నుంచి p స్థానాల దగ్గర కోసి, రెండు ముక్కలూ కలుపుతుంది.

ప్రమాదమల్లా ఒక్క మెట్టులో ఒక్క అంకె తప్పడమే. ఆ తప్పు తర్వాతి వర్గాలన్నిటికీ పాకుతుంది, కోట్ల మెట్ల లెక్కంతా వృథా. 2024 నాటి సంఖ్య కూడా ముందు ‘ప్రధానం కావచ్చు’ అని చెప్పే పరీక్షలోనే నెగ్గింది. ఆ తర్వాత వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో ల్యూకా-లెహ్మర్ పరీక్ష చేసి, సున్నా వచ్చాకే ప్రకటించారు.

ఇక 127 మీరు చేయండి. అయిదు మెట్లు: 14, 67, 42, 111, 0. 42 బదులు 44 వస్తే, ఆ మెట్టులో 2 తీసేయడం మరిచారన్నమాట.

మీ తాతయ్య