ప్రతి మంటా వేడి చేయడం కాదు

మూత్రానికి వెళ్తే మండుతోందని ఆడపిల్ల చెప్పగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట "వేడి చేసి ఉంటుందిలే". వెంటనే సబ్జా నీళ్లో, బార్లీ నీళ్లో చేతికొస్తాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎండల్లో నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడి చురుక్కుమంటుంది. బాగా నీళ్లు తాగితే అది పూటలో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం వేడి మీద నెట్టేయకూడదు.

అలాంటి మంట ఎక్కువసార్లు మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ వల్ల, దానికి కారణం ఇ.కోలై అనే బాక్టీరియా. పేగుల్లో ఉన్నంతకాలం దానితో పేచీ లేదు. కానీ మూత్రాశయం నుంచి బయటికొచ్చే నాళం మగవాళ్లలో దాదాపు 20 సెంటీమీటర్లుంటే, ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే. పైగా దాని ద్వారం మలద్వారానికి దగ్గర. ఆ కాస్త దూరం దాటిన బాక్టీరియా తన ఒంటిమీది నూగులాంటి పోగులతో మూత్రాశయం గోడను పట్టేసుకుంటుంది. ధారకు కొట్టుకుపోదు. గోడ వాచి, ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలే. ఆడవాళ్లలో సుమారు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. దీన్ని అశుభ్రతకు అంటగట్టడం అన్యాయం. ఆ నింద భయంతోనే ఎంతోమంది నోరు విప్పరు.

మంట ఎక్కడో గమనించండి. లోపల, పొత్తికడుపు నొప్పితో ఉంటే మూత్రాశయాన్ని అనుమానించాలి. మూత్రం తగిలి బయటి చర్మం మండుతుంటే, దురదతో పెరుగు విరిగినట్టు తెల్లబట్ట అవుతుంటే, ఫంగస్ కావచ్చు. హెర్పిస్ అనే వైరస్ తెచ్చే పుండ్లు, సువాసన సబ్బులు కూడా అక్కడే మండిస్తాయి. క్లమీడియా లాంటి సుఖవ్యాధి కూడా మంట తెస్తుంది, కానీ మామూలు యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) దొరకదు. అది తేలితే భర్తకూ చికిత్స కావాలి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని, మూత్రనాళం లోపలి పొరలు పలచబడి మంట పుడుతుంది. పెద్దవాళ్లు దీన్ని వయసు ఖాతాలో వేసుకుని ఓర్చుకుంటారు, మందు ఉన్నా కూడా.

బాత్రూమ్ సరిగా లేదని బడిలో, దుకాణంలో పొద్దంతా నీళ్లు తాగకుండా గడిపే ఆడవాళ్ల గురించి నాకు బెంగ. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే స్త్రీలు రోజూ మరో లీటరున్నర తాగితే అది దాదాపు సగం తగ్గిందని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపింది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగకండి. ముందు కల్చర్‌కి ఇచ్చి, డాక్టరు చెప్పిందే వాడండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. అప్పుడు, గర్భిణికైతే కాస్త మంట ఉన్నా సరే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.