‘మళ్ల కొట్టియ్యాలె’: పెనాల్టీ దగ్గర ఆగుడు, దాని వెనక లొల్లి

ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కొట్టేవాడు ఉరికొచ్చి బంతి ముందు టక్కున ఆగుతాడు. గోలీ ఒక పక్కకు దూకేస్తాడు. బంతి రెండో పక్క నుంచి వలలో పడుతుంది. ఇక లొల్లి. ‘ఆగుడు తప్పు’ అని ఒకరు, ‘తప్పయితే మళ్ల కొట్టియ్యాలె’ అని ఇంకొకరు. నల్లగొండైనా మహబూబ్‌నగరైనా మట్టి గ్రౌండ్లలో తెగని పంచాయితీ ఇది. రెండో మాట ఒకప్పుడు నిజమే.

బ్రెజిల్ వాళ్లు దీన్ని పరాడిన్యా అంటారు, చిన్న ఆగుడు అని. పెలెతో పేరుకెక్కింది. పెనాల్టీ చుక్క నుంచి గోల్ గీతకు 11 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొడితే బంతికి 0.4 సెకను చాలు. చూసి దూకితే మూల అందదు గనక గోలీ ముందే దూకుతాడు. ఆగేవాడికి కావాల్సింది ఆ తొందరే.

2010 ఫిబ్రవరిలో బ్రెజిల్ క్లబ్ సాంటోస్ కుర్రాడు నేమార్, సావో పాలో క్లబ్ గోలీ రొజేరియో సెనీని ఇట్లనే బోల్తా కొట్టించాడు. ఆ ఏడాదే రూల్స్ రాసే ఐఎఫ్‌ఏబీ తేల్చేసింది: పరుగులో ఎంత తటపటాయించినా సరే, పరుగు అయిపోయాక కొట్టబోయి ఆగితే ఎల్లో కార్డ్. అయితే గోల్ పడితే మళ్లీ కొట్టించేవారు. 2016లో అదీ పోయింది. గోల్ పడ్డా చెల్లదు. కార్డ్‌తో పాటు ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే నేరుగా గోల్ కొట్టరాని కిక్. షూటౌట్‌లో, అంటే మ్యాచ్ సమమైనప్పుడు వరుస పెనాల్టీలతో గెలుపు తేల్చేటప్పుడు, ఆ కిక్ మిస్ కింద లెక్క.

పరుగు ఎక్కడ అయిపోయినట్టు? బంతి పక్కన ఆనించే కాలు చూస్తే చాలావరకు తెలుస్తుంది. నెమ్మదించడం అంతకు ముందు రెండు మూడు అడుగుల్లోనే కావాలి, చూపు గోలీ మోకాళ్ల మీద ఉండాలి. కాలు ఆనిందంటే ఇక కొట్టుడే. గోలీ కదలకపోతేనే అసలు చిక్కు: వేగం చచ్చిన కాలితో కొట్టిన బంతి మెత్తగా పోయి వాడి చేతుల్లో పడుతుంది. మూల ముందే అనుకోనివాడు ఇక్కడే దొరికిపోతాడు.

మొరం మీద ఇంకో గండం. ఆనించిన కాలు జారి, కొట్టిన బంతి దానికీ తగులుతుంది. 2025 మార్చిలో రియల్ మాడ్రిడ్‌పై షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు హులియన్ అల్వారెజ్ జారి కొట్టిన గోల్‌ను ఇందుకే రద్దు చేశారు. తర్వాత ఐఎఫ్‌ఏబీ వివరణ ఇచ్చింది: పొరపాటున రెండు కాళ్లకూ తగిలి గోల్ పడితే మళ్లీ కొట్టించాలి. కొట్టేవాడి పొరపాటుకు ‘మళ్ల కొట్టియ్యాలె’ అనేవాళ్లకు ఇప్పుడు ఈ ఒక్క ఆసరా ఉంది, అదీ ఆగినందుకు కాదు, జారినందుకు.