సోనిక్స్ ఎలా పోయింది, సియాటిల్ ఇంకా ఎందుకు అడుగుతోంది

2025 జూన్‌లో ఓక్లహోమా సిటీ థండర్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానా పేసర్స్‌ని ఓడించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. రికార్డుల ప్రకారం ఆ ఫ్రాంచైజీకి అది రెండో టైటిల్. మొదటిది 1979లో వచ్చింది. అయితే 1979లో ఓక్లహోమాలో ఎన్‌బీఏ జట్టే లేదు. ఆ కప్పు గెలిచింది సియాటిల్ సూపర్‌సోనిక్స్, అంటే సోనిక్స్. 2008లో ఆ జట్టుని ఊరు దాటించి ఓక్లహోమాకి తీసుకెళ్లారు, అదే ఇప్పటి థండర్. లీగ్‌లో కొత్త జట్ల మాట వచ్చినప్పుడల్లా సియాటిల్ పేరు ముందు వినిపించేది అందుకే. ఈ మధ్యే ఎన్‌బీఏ చూడటం మొదలుపెట్టినవాళ్లకి ఇది ఒక పెద్ద నగరం కోరుకుంటున్న మరో జట్టులా కనిపించవచ్చు. నేను మాత్రం దీన్ని లీగ్ తీర్చాల్సిన బాకీగానే చూస్తాను.

జట్టు 1967లో పుట్టింది. అప్పట్లో సియాటిల్ అంటే బోయింగ్. ధ్వని కన్నా వేగంగా వెళ్లే ప్రయాణికుల విమానం తయారుచేసే కాంట్రాక్టు ఆ కంపెనీకి దక్కడంతో జట్టుకి సూపర్‌సోనిక్స్ అని పేరు పెట్టారు. విమానం ప్రాజెక్టు 1971లోనే ఆగిపోయింది, పేరు నిలిచింది. అదే ఏడాది ఈ జట్టు మొత్తం బాస్కెట్‌బాల్‌నే మార్చేసింది. హైస్కూల్ అయ్యాక నాలుగేళ్లు గడిస్తేనే ఆటగాడిని తీసుకోవాలని లీగ్ నిబంధన ఉండేది. యజమాని శామ్ షుల్మన్ దాన్ని లెక్కచేయకుండా స్పెన్సర్ హేవుడ్‌తో సంతకం చేయించాడు. గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, హేవుడ్‌కి అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. తర్వాతి రోజుల్లో కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా లీగ్‌లోకి వచ్చారంటే ఆ తలుపు తెరిచింది సియాటిలే.

1978 ఫైనల్స్‌లో వాషింగ్టన్ బుల్లెట్స్ చేతిలో, అదీ సొంతగడ్డ మీద, ఏడో మ్యాచ్‌లో ఓడిపోయారు. మరుసటి ఏడాది అదే బుల్లెట్స్‌ని 4-1తో ఓడించారు. కోచ్ లెన్నీ విల్కెన్స్. డెన్నిస్ జాన్సన్, గస్ విలియమ్స్, జాక్ సిక్మా, దూరం నుంచి గురి తప్పని ఫ్రెడ్ బ్రౌన్ ఆ జట్టులో ఉన్నారు. ఆ తర్వాతి సీజన్‌లో సోనిక్స్ ఇంటి మ్యాచ్‌లకి సగటున 21 వేల మందికి పైగా వచ్చారు. ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. ఆదరణ లేకే జట్టు పోయిందని ఎవరైనా అంటే నేను ముందు చూపించేది దీన్నే.

తొంభైలు గ్యారీ పేటన్, షాన్ కెంప్‌ల కాలం. పేటన్ డిఫెన్స్‌కి దిగితే బంతి నడిపించే ఎదుటి ఆటగాడికి ఊపిరి ఆడేది కాదు. అతను పైకి విసిరిన బంతిని కెంప్ గాలిలోనే అందుకుని రింగులోకి దించేవాడు. 1994లో లీగ్ పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో ఉండి కూడా ఎనిమిదో స్థానంలో ఉన్న డెన్వర్ చేతిలో తొలి రౌండ్‌లోనే ఓడారు. అలా జరగడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి. ఆఖరి బజర్ మోగాక డెన్వర్ ఆటగాడు డికెంబే ముటొంబో నేల మీద పడుకుని బంతిని రెండు చేతులతో పైకెత్తిన దృశ్యం సియాటిల్ అభిమానికి ఇప్పటికీ మంటే. 1996లో 64 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్స్‌కి చేరారు. ఎదురుగా 72 మ్యాచ్‌లు గెలిచిన మైకేల్ జోర్డన్ జట్టు షికాగో బుల్స్. మొదటి మూడు మ్యాచ్‌లు పోయినా తర్వాతి రెండు గెలిచి, ఆరో మ్యాచ్‌లో తలవంచారు.

అసలు కథ మాత్రం స్టేడియం దగ్గర మొదలవుతుంది. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన పాత కొలీజియంని నగరం సొంత ఖర్చుతో బాగుచేసి, 1995లో కీ అరీనాగా తెరిచింది. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి లీగ్ లెక్కలు మారాయి. జట్లకి డబ్బు మామూలు టికెట్ల కన్నా ఖరీదైన ప్రైవేటు బాక్సుల నుంచి, రెస్టారెంట్ల నుంచి, అరీనా పేరు అమ్మకం నుంచి ఎక్కువగా రావడం మొదలైంది. కీ అరీనాలో వాటికి జాగా తక్కువ. పైగా అప్పటికే సియాటిల్‌లో బేస్‌బాల్‌కి ఒకటి, అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఒకటి ప్రజాధనంతో పెద్ద స్టేడియాలు లేచాయి.

2001లో స్టార్‌బక్స్ అధినేత హోవర్డ్ షుల్ట్జ్ బృందం జట్టుని 20 కోట్ల డాలర్లకు కొంది. అరీనా విస్తరణకి 22 కోట్ల డాలర్లు కావాలని అడిగింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2006లో ఓక్లహోమా వ్యాపారి క్లే బెనెట్ బృందానికి 35 కోట్లకు అమ్మేసింది. అదే నవంబర్‌లో, ప్రొఫెషనల్ జట్లకి నగరం డబ్బు ఇస్తే దానికి సరిపడా ప్రతిఫలం రావాలన్న ప్రతిపాదనకి సియాటిల్ ఓటర్లు భారీ మెజారిటీ ఇచ్చారు. ఆ ఓటర్లని నేను తప్పుపట్టను. బడులకీ రోడ్లకీ వెళ్లాల్సిన పన్నుల సొమ్ముని కోటీశ్వరుల వ్యాపారానికి ధారపోయమంటే ప్రశ్నించడం వాళ్ల హక్కు.

బెనెట్ శివారు రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల కొత్త అరీనా కావాలన్నాడు. రాష్ట్ర శాసనసభ కదల్లేదు. ఇంతలో ఆయన భాగస్వామి ఆబ్రీ మెక్‌క్లెండన్, జట్టుని సియాటిల్‌లో ఉంచడానికి కొనలేదని ఓక్లహోమా పత్రికతో చెప్పేశాడు. లీగ్ ఆయనకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, ప్రయాణాన్ని మాత్రం ఆపలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. నిజం పైకి అన్నందుకు శిక్ష పడింది, చేస్తున్న పనికి అనుమతి దొరికింది.

చివరి సీజన్‌లో జట్టు 20 గెలిచి 62 ఓడింది. రే ఆలెన్‌ని బోస్టన్‌కి పంపేశారు. మిగిలిన వెలుగల్లా 19 ఏళ్ల కెవిన్ డ్యురాంట్. 2008 ఏప్రిల్ 13న డల్లాస్‌తో ఆఖరి ఇంటి మ్యాచ్ గెలిచారు, హాలంతా 'సేవ్ అవర్ సోనిక్స్' అని అరిచింది. అయిదు రోజులకి లీగ్‌లోని జట్ల యజమానులు 28-2తో తరలింపుకి ఓటేశారు. వద్దన్నది డల్లాస్ యజమాని మార్క్ క్యూబన్, పోర్ట్‌లాండ్ యజమాని పాల్ ఆలెన్. కీ అరీనా లీజు 2010 దాకా ఉందని నగరం కోర్టుకెళ్లింది. జులై 2న తీర్పు వెలువడాల్సిన రోజే రాజీ కుదిరింది. నాలుగున్నర కోట్ల డాలర్లు తీసుకుని నగరం లీజు వదులుకుంది. సోనిక్స్ పేరు, రంగులు సియాటిల్‌కి దక్కాయి. చరిత్ర మాత్రం సియాటిల్‌కీ ఓక్లహోమాకీ ఉమ్మడి ఆస్తి అయింది.

మన హైదరాబాద్‌కి ఈ బాధ కొంత తెలుసు. 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్‌ని 2012లో బీసీసీఐ రద్దు చేసింది. కానీ నెలల వ్యవధిలోనే సన్‌రైజర్స్ వచ్చింది, ఉప్పల్‌లో ఆట ఆగలేదు. సియాటిల్‌కి ఆ అదృష్టం లేదు. 2013లో క్రిస్ హాన్సెన్ బృందం శాక్రమెంటో కింగ్స్‌ని కొని తీసుకురావాలని చూస్తే లీగ్ 22-8తో కాదంది. కింగ్స్‌ని ముంబైలో పుట్టిన వివేక్ రణదివే బృందం కొని అక్కడే నిలిపింది. నిజం చెప్పాలంటే అది సరైన నిర్ణయమే. ఒక ఊరి గాయం మాన్పడానికి ఇంకో ఊరిని గాయపరచకూడదు. ఓక్లహోమా అభిమానుల మీద కూడా నాకు కోపం లేదు. వాళ్లు జట్టుని ప్రేమించారు, 2025 కప్పు వాళ్లది.

పాత వంకలు ఇప్పుడు చెల్లవు. అదే కీ అరీనా స్థలంలో, చారిత్రక పైకప్పుని అలాగే ఉంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ప్రైవేటు పెట్టుబడితో కట్టిన క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా 2021లో తెరుచుకుంది. ఐస్ హాకీ జట్టు క్రాకెన్ అక్కడే ఆడుతోంది. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు స్టార్మ్‌ని 2008లోనే నలుగురు స్థానిక మహిళలు బెనెట్ దగ్గర కొని ఊళ్లో నిలబెట్టారు. తర్వాత ఆ జట్టు 2010, 2018, 2020లో టైటిళ్లు గెలిచింది. సియాటిల్ శివార్లు బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకి సొంత ఎన్‌బీఏ జట్టు అంటే ఏంటో తెలియదు. వాళ్లకి పోర్ట్‌లాండ్ జట్టే దగ్గర.

ఆలస్యానికి కారణం డబ్బు పంపకం. 2004లో షార్లట్‌తో జట్లు 30 అయ్యాక లీగ్ పెరగలేదు. ఇప్పుడు 11 ఏళ్లకి 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం ఉంది. కొత్త జట్టు వస్తే ప్రవేశ రుసుము ఒక్కసారే చేతికొస్తుంది, టీవీ ఆదాయంలో వాటా మాత్రం ఏటా పంచాలి. యజమానులు వేసుకుంటున్నది ఈ లెక్కే.

జట్టు ఇవ్వడంతో పాటు లీగ్ 1979 టైటిల్‌ని కూడా తిరిగి ఇవ్వాలి. ఇది కొత్త కోరికేం కాదు. 2002లో షార్లట్ హార్నెట్స్ న్యూ ఆర్లీన్స్‌కి వెళ్లిపోతే, 2014లో షార్లట్‌కి ఆ పేరుతో పాటు 1988 నుంచి 2002 దాకా ఉన్న రికార్డులన్నీ తిరిగి అప్పగించారు. గొప్ప ఆటగాళ్ల జెర్సీని గౌరవంగా అరీనా పైకప్పుకి వేలాడదీస్తారు, పేటన్ 20 నంబర్ జెర్సీ మాత్రం ఎన్‌బీఏలో ఇంతవరకూ ఎక్కడా అలా ఎగరలేదు. తన జెర్సీకి సియాటిల్‌లోనే ఆ గౌరవం దక్కాలని ఆయన ఎప్పుడో చెప్పేశాడు.