రొయ్యల ఖర్చుతో సొర వేట

తెల్లవారుజామున విశాఖ చేపల రేవులో మరబోటు ఆగగానే సరుకు గంపల్లోకి విడిపోతుంది. రొయ్యలు ఒకవైపు, కోనాలు ఇంకోవైపు, మూలన నాలుగైదు పాలసొరలు. బాలింతలకు సొరపొట్టు పెట్టే ఇళ్లవాళ్లు ముందు చూసేది ఆ మూలకే. నీళ్ల అడుగున మాత్రం ఈ గంపలు లేవు. ట్రాల్ వల ఎదురుపడినదాన్నల్లా ఊడ్చుకొస్తుంది.

ఎవరి సొత్తూ కాని సముద్రంలో లాభం కనిపించినంత కాలం కొత్త పడవలు దిగుతూనే ఉంటాయని 1954లో కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ వివరించాడు. రాబడి డీజిలుకూ ఐసుకూ కూలికీ సరిపోయే స్థితి వచ్చేదాకా అంతే. ఇందులో ఒక ఊరట ఉంది: చేప పలచబడితే వేట గిట్టదు, పడవలు ఆగుతాయి, మిగిలినవి బతికిపోతాయి.

ఒకే జాతి అయితేనే ఈ ఊరట. ఒక వేటకు లక్ష ఖర్చు, రొయ్యలకు లక్షా ఇరవై వేలు, సొరలకు ముప్పై వేలు వస్తాయనుకుందాం. సొరలు పూర్తిగా కరువైనా ఇరవై వేలు మిగులుతుంది. లాభం తగ్గుతుంది, వేట ఆగదు. చివరి సొర కోసం ఎవరూ పనిగట్టుకుని బయలుదేరనక్కర్లేదు, దాన్ని పట్టే ఖర్చు రొయ్యలే భరిస్తాయి. పైగా ఆడరొయ్య లక్షల్లో గుడ్లు పెడుతుంది, పాలసొర పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అంటార్కిటిక్‌లో నీలి తిమింగలాలకు జరిగింది ఇదే. అవి అరుదైపోయాక కూడా ఫిన్ తిమింగలాల ఆదాయంతో ఓడలు తిరిగాయి, దారిలో నీలిది కనిపిస్తే వదల్లేదు. 1966లో గానీ వాటికి రక్షణ దొరకలేదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. త్వరగా పెరిగే రొయ్యకు అది మేలే. ఏళ్లు గడిస్తే గానీ ఎదగని పెద్ద సొర జాతులకు రెండు నెలలు ఏ మూలకు? వాటిని వలలోనే వేరు చేయాలని నా అభిప్రాయం. తాబేళ్ల కోసం రూపొందించిన ఊచల చట్రం అలాంటిదే: రొయ్యలు ఊచల సందుల్లోంచి లోపలికి పోతాయి, పెద్ద జీవులు పక్క కంతలోంచి బయటపడతాయి. ఆ కంతలోంచి కొంత సరుకూ జారిపోతుందని మత్స్యకారుల అభ్యంతరం. అది న్యాయమైనదే. ఒక్క పడవే చట్రం బిగించుకుంటే, అది వదిలిన సొర పక్క పడవ వలలో పడుతుంది.